తీసుకొను, పట్టు, తీయు: ఒక నర్సు ఇంగ్లీషులో ‘టేక్’ క్రియపై కేస్ స్టడీ

నేపథ్యం

ఈ కేసులోని వ్యక్తి పదో తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివి, ఆ తర్వాత బీఎస్సీ నర్సింగ్ పూర్తిచేసి, కొన్నేళ్లుగా ఒక ప్రైవేటు ఆసుపత్రి వార్డులో పనిచేస్తున్న స్టాఫ్ నర్సు. బ్రిటన్‌లో ఉద్యోగం కోసం ఆక్యుపేషనల్ ఇంగ్లిష్ టెస్ట్, అంటే ఓఈటీ రాశారు. లిజనింగ్, రీడింగ్ గట్టెక్కాయి, స్పీకింగ్ అంచులో నిలిచింది, రైటింగ్ మాత్రం పోయింది. ఆ దశలో నా దగ్గరకు వచ్చారు. ఆమెను గుర్తుపట్టగల వివరాలేవీ ఇక్కడ ఇవ్వడం లేదు. ఉదహరించిన రోగులందరూ అభ్యాసం కోసం కల్పించినవారే.

పరీక్ష సంగతి తెలియనివారి కోసం రెండు మాటలు. ఓఈటీ 1980ల చివరలో ఆస్ట్రేలియాలో వైద్య వృత్తుల వారి కోసం రూపొందిన పరీక్ష. బ్రిటన్‌లోని నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్ 2017 నుంచి దీన్ని అంగీకరిస్తోంది. రాతలో సి ప్లస్, అంటే 300 స్కోరు, మిగిలిన మూడింటిలో బి, అంటే 350 స్కోరు రావాలి. రాత పరీక్షలో 45 నిమిషాల్లో రోగి కేసు నోట్సు చదివి, వాటి ఆధారంగా మరో వైద్యుడికో నర్సుకో 180 నుంచి 200 పదాల లేఖ రాయాలి. మాట్లాడే పరీక్షలో అభ్యర్థి నర్సుగా, ఎదుటి వ్యక్తి రోగిగానో రోగి బంధువుగానో రెండు సన్నివేశాలు నడపాలి.

సమస్య

“నాకు గ్రామర్ రాదు మేడమ్, టెన్సులు సరిచేస్తే చాలు” అన్నది ఆమె స్వంత అంచనా. ఆమె అభ్యాస లేఖలు చదివితే కాలాల్లో, ఆర్టికల్స్‌లో పొరపాట్లు ఉన్న మాట నిజమే కానీ, వాటివల్ల అర్థం చెడిపోలేదు. అర్థం చెడిన చోటల్లా ఒకే క్రియ కనిపించింది. ఒక లేఖలోని వాక్యాలు ఇలా ఉన్నాయి: ‘హి టుక్ అడ్మిషన్ విత్ చెస్ట్ పెయిన్. హి టుక్ ఇన్‌హేలర్ ఫ్రమ్ మెడికల్ షాప్. హి టుక్ ట్రీట్‌మెంట్ ఫర్ ఫైవ్ డేస్ అండ్ టుక్ డిశ్చార్జ్.’

మన ఆసుపత్రుల్లో ఈ వాక్యాలు చదివినవారెవరూ తడుముకోరు. బ్రిటన్‌లో ఆ రోగిని ఇంటిదగ్గర చూడబోయే నర్సు మాత్రం ప్రతి వాక్యం దగ్గరా ఆగవలసి వస్తుంది. అడ్మిషన్ తీసుకోవడమనే మాట అక్కడ లేదు, రోగిని చేర్చుకుంటారు. దుకాణం నుంచి ఇన్‌హేలర్ ‘టుక్’ అంటే డబ్బు ఇచ్చాడో లేదో తెలియదు, చెప్పకుండా పట్టుకుపోయాడన్న అర్థం కూడా వస్తుంది. ‘టుక్ డిశ్చార్జ్’ అన్నది చివరిది, చిక్కు కూడా అందులోనే ఎక్కువ. వైద్యులు వద్దన్నా రోగి తనంతట తాను వెళ్లిపోయాడేమోనన్న అనుమానం దానివల్ల రావచ్చు. ఆ తర్వాత జరగవలసిన వైద్యం దానిమీద ఆధారపడి ఉంటుంది.

మాట్లాడేటప్పుడు మరో రెండు తోడయ్యాయి. పాత రిపోర్టులు తెమ్మని చెప్పడానికి ‘ప్లీజ్ టేక్ అండ్ కమ్ యువర్ ఓల్డ్ రిపోర్ట్స్’ అనేవారు. ఒక అభ్యాసంలో నేను రోగి పాత్రలో ఉండగా ‘డిడ్ యు టేక్ ది టాబ్లెట్స్?’ అని అడిగి, నేను అవునన్నాక, ‘దెన్ ప్లీజ్ స్టార్ట్ ఫ్రమ్ టునైట్’ అన్నారు. మందులు కొన్నారా అన్నది ఆమె ఉద్దేశం. మింగారా అన్నది నాకు వినిపించిన ప్రశ్న. ఇది నిజంగా వార్డులో జరిగి ఉంటే ఒక డోసు రెండుసార్లు పడేది.

వ్యాకరణాన్ని పక్కనపెట్టి ముందు ఈ క్రియను పట్టుకోవాలని నిర్ణయించింది ఇందుకే. క్లినికల్ లేఖలో ఎవరు, ఎవరికి, ఏమి చేశారన్నది తప్పితే మిగతా భాష ఎంత శుభ్రంగా ఉన్నా ప్రయోజనం ఉండదు.

ముందు ప్రయత్నించినవి

ఆమె అంతకుముందు వెళ్లిన శిక్షణలో ‘టేక్ ఆఫ్’, ‘టేక్ ఓవర్’, ‘టేక్ ఆఫ్టర్’ వంటి జంటపదాల పొడవాటి జాబితా ఇచ్చి కంఠతా పట్టించారు. ఆమె వాటిని శ్రద్ధగా నేర్చుకున్నారు కూడా. విమానం ‘టేక్ ఆఫ్’ అవుతుందని, కూతురు తల్లిని ‘టేక్ ఆఫ్టర్’ చేస్తుందని, అంటే పోలి ఉంటుందని తడుముకోకుండా చెప్పగలరు. కానీ ఆమె తప్పులు వేటిలోనూ ఈ జంటపదాలు లేవు. తప్పులన్నీ ఒంటరిగా నిలబడే ‘టేక్’లోనే ఉన్నాయి, ఆ మాట తనకు వచ్చుననే ఆమె నమ్మకం. ఆరో తరగతిలో నేర్చుకున్న మాటను మళ్లీ ఎవరూ తెరిచి చూడరు. నా అనుభవంలో పెద్దవాళ్ల ఇంగ్లీషులో మొండి తప్పులు చాలావరకు ఇలాంటి ‘తెలిసిన’ మాటల్లోనే దాగి ఉంటాయి.

పరీక్ష దగ్గర్లో ఉంది కాబట్టి మొదట దగ్గరి దారినే ఎంచుకున్నాను. ఆమె వాడే ప్రతి తప్పు రూపానికీ పక్కన సరైన రూపం రాసిన పట్టిక తయారుచేశాం. ‘టుక్ అడ్మిషన్’కు ‘వాజ్ అడ్మిటెడ్’, ‘టుక్ ట్రీట్‌మెంట్’కు ‘వాజ్ ట్రీటెడ్’, ‘టుక్ పర్మిషన్’కు ‘గాట్ పర్మిషన్’. సమయం తక్కువగా ఉన్నప్పుడు ఇది సమంజసమైన పద్ధతే, పట్టికలో ఉన్న రూపాలు నిజంగానే సర్దుకున్నాయి.

అయితే పట్టికలో లేనివి కొత్తగా పుట్టుకొస్తూనే ఉన్నాయి. అంతకంటే ఇబ్బందికరమైన పరిణామం మరొకటి కనిపించింది. ఆ క్రియ అంటేనే ఆమెకు భయం పట్టుకుని, దాన్ని తప్పించుకోవడానికి ‘కన్స్యూమ్’, ‘ప్రొక్యూర్’, ‘అబ్టెయిన్’ వంటి బరువైన మాటలు దించసాగారు. ‘హావ్ యు కన్స్యూమ్డ్ యువర్ టాబ్లెట్స్?’ అని మంచంమీది వృద్ధుణ్ణి అడిగే నర్సు ఏ దేశంలోనూ ఉండదు. చక్కగా వాడుతున్న ‘టేక్ ఎ సీట్’, ‘ఐ విల్ టేక్ యువర్ టెంపరేచర్’ వంటివి కూడా ఆమె నోట మాయమయ్యాయి. ఏది తప్పో పట్టిక చెప్పింది కానీ ఎందుకు తప్పో చెప్పలేదు, కారణం తెలియనివారు తప్పుతోపాటు ఒప్పునూ వదిలేసుకుంటారు. అందుకే పట్టికను ఆపేశాం.

క్రియ పుట్టుక వైపు

ఆమె ‘టేక్’ మొత్తాన్ని ఒకే తెలుగు క్రియకు, అంటే ‘తీసుకొను’కు కట్టేసి ఉంచారు. కాబట్టి ఈ రెండు క్రియల స్వభావం ఎక్కడ వేరవుతుందో చూపించాలి. అందుకు వాటి పుట్టుకలు చూడటం అవసరమనిపించింది. పదచరిత్ర చెప్పడం నాకు ఇష్టమైన పని కాబట్టి అది పాఠాన్ని మింగేయకుండా ఒక్క తరగతికే పరిమితం చేశాను.

పాత ఇంగ్లీషులో ఈ అర్థానికి ఉన్న సొంత మాట ‘నిమన్’. జర్మన్‌లో నేటికీ వాడే ‘నేమెన్’ దానికి తోబుట్టువు. 865లో డేన్‌ల మహాసైన్యం ఇంగ్లండులో దిగి, మరుసటి ఏడు యార్క్ నగరాన్ని పట్టుకున్నాక, ఉత్తర, తూర్పు ప్రాంతాల్లో స్కాండినేవియా వారు స్థిరపడ్డారు. 1016 నాటికి డెన్మార్క్ రాజవంశీయుడు కనూట్ ఇంగ్లండు మొత్తానికి రాజయ్యాడు. విట్‌బీ, గ్రిమ్స్‌బీ, డెర్బీ వంటి ఊరిపేర్ల చివర ఉన్న ‘బీ’ వారు వదిలిన గుర్తే. వారి నోర్స్ భాషలోని ‘టాకా’ పాత ఇంగ్లీషు చివరి దశలో ప్రవేశించి, నాలుగు వందల ఏళ్లలో ‘నిమన్’ను సాధారణ వాడుక నుంచి తప్పించింది. ‘తప్పు’ అనే అర్థంలో మనం రోజూ వాడే ‘మిస్టేక్’ కూడా ఆ భాషలోని ‘మిస్‌టాకా’ నుంచే వచ్చింది. స్కిన్, లెగ్, ఇల్ కూడా నోర్స్ నుంచి వచ్చినవేనని చెప్పినప్పుడు, తన డ్యూటీ సగం వైకింగుల భాషలోనే నడుస్తోందని ఆమె నవ్వారు.

మాకు పనికొచ్చిన సంగతి మాత్రం అర్థానికి సంబంధించినది. ‘టాకా’ అంటే చేత్తో పట్టడం, అందుకోవడం. దానికి చుట్టమైన గోథిక్ భాషలోని ‘టేకన్’కు తాకడం అని అర్థం. అంటే ఈ క్రియ నడుమ ఉన్నది ‘పట్టు’, ఒక వస్తువో మనిషో మరొకదాని పట్టులోకి రావడం. ఆ పట్టు న్యాయమైనదా, డబ్బిచ్చి సంపాదించినదా, ఎవరి మేలు కోసం అన్న ప్రశ్నలకు ఆ క్రియ జవాబు చెప్పదు. పాత ‘నిమన్’ కూడా అంతే. అది ‘నిమ్’గా కుదించుకుపోయి 17వ శతాబ్దంలో దొంగల యాసలో ‘కాజేయడం’ అన్న అర్థంతో బతికింది.

మన ‘తీసుకొను’ అలాంటిది కాదు. ‘తీయు’కు ‘కొను’ చేరి అది ఏర్పడింది. వండుకొను, రాసుకొను, చెప్పుకొను అన్నప్పుడు ఆ ‘కొను’ పని చేసేవారికే ఆ పని ఫలం దక్కుతుందని సూచిస్తుంది. పైగా ‘కొను’ విడిగా నిలబడితే ధర చెల్లించి సంపాదించడం. కొత్త ఫోన్ తీసుకున్నానంటే తెలుగులో కొన్నామనే తప్ప ఎవరూ మరోలా అనుకోరు. అడ్మిషన్, ట్రీట్‌మెంట్, డిశ్చార్జ్, సెలవు, అనుమతి అన్నిటికీ ‘తీసుకొను’ హాయిగా సరిపోయేది, వాటన్నిటిలోనూ ఆ వ్యక్తికి ఏదో దక్కుతోంది కాబట్టే. ఆమె ఇంగ్లీషులోకి మోసుకెళ్లింది ఈ ‘దక్కడాన్ని’, అది ‘టేక్’లో లేదు.

ఇక ‘పట్టు’ను ‘టేక్’ పక్కన నిలబెట్టి చూస్తే ఆమె ఊహించని చోట్ల రెండూ కలిశాయి. పని పూర్తికావడానికి రెండు గంటలు పట్టింది, ఇంగ్లీషులోనూ ‘ఇట్ టుక్ టు అవర్స్’. బిందెలో పది లీటర్లు పట్టినట్టే ట్యాంకు పది లీటర్లు ‘టేక్’ చేస్తుంది. గుడ్డకు రంగు పట్టింది, కొమ్మకు అంటు పట్టింది అన్న రెంటికీ ఇంగ్లీషులో ‘టుక్’ వాడతారు. చివరిగా ఆమె రోజూ కేసు షీట్లలో రాసే ‘నంబ్’ సంగతి చెప్పాను. ఆ మాట ‘నిమన్’ క్రియ భూతకాల విశేషణ రూపం, మొదటి అర్థం ‘పట్టుబడిన’ అని. కాలు తిమ్మిరి పట్టింది అని మనం అనేది కూడా అదే ఊహ. దానికి ఆమె కాసేపు మాట్లాడలేదు. “తిమ్మిరి మనల్ని పట్టుకుంటుంది, మనం తిమ్మిరిని తీసుకోం కదా” అన్నారు తర్వాత. ఆ క్రియను ఆమె మొదటిసారి తెలుగు గుండా అర్థం చేసుకున్నది అప్పుడేనని నేను నమోదు చేసుకున్నాను.

ఇక్కడ ఒక హెచ్చరిక ఆమెకూ చెప్పాను. పుట్టుక తెలిసినంత మాత్రాన నేటి వాడుక తెలిసిపోదు. తుప్పు పట్టడానికి, పిచ్చి పట్టడానికి ఇంగ్లీషులో ‘టేక్’ రాదు. స్నానానికి అమెరికన్లు ‘టేక్’ వాడితే బ్రిటిషువారు ఎక్కువగా ‘హావ్’ వాడతారు. చరిత్ర మాకు ఇచ్చింది పాత ముడి విప్పడానికి ఒక కారణం మాత్రమే. కొత్త అలవాటు వేరే పనితో రావాలి.

పనిచేసిన పద్ధతి

ఆ పని ఇంగ్లీషులో కాక తెలుగులో మొదలైంది. ఆ ఛాతీనొప్పి కేసునే తర్వాతి షిఫ్టు నర్సుకు అప్పగిస్తున్నట్టు తెలుగులో చెప్పమన్నాను. “పెద్దాయన చెస్ట్ పెయిన్‌తో అడ్మిషన్ తీసుకున్నారు, బయట ఇన్‌హేలర్ తీసుకున్నారు, అయిదు రోజులు ట్రీట్‌మెంట్ తీసుకుని డిశ్చార్జ్ తీసుకున్నారు” అన్నారు. లేఖలోని వాక్యాలు అక్షరం పొల్లుపోకుండా ఇవే. అదే సంగతి ఇంట్లో అమ్మకు చెబుతున్నట్టు చెప్పమంటే ఇలా వచ్చింది: “పెద్దాయనకి గుండెలో నొప్పొస్తే వాళ్లబ్బాయి తెచ్చి చేర్పించాడమ్మా. బయట కొట్లో పీల్చే మందు కొనుక్కున్నాడట. అయిదు రోజులు వైద్యం చేసి, తగ్గాక పంపించారు.”

రెండో కథనంలో ‘తీసుకొను’ ఒక్కసారి కూడా లేదు. చేర్పించడం, కొనుక్కోవడం, వైద్యం చేయడం, పంపించడం అని నాలుగు వేర్వేరు క్రియలు ఉన్నాయి, ఎవరు ఎవరికి చేశారన్నది స్పష్టంగా ఉంది. ఆ నాలుగింటినీ ఇంగ్లీషులోకి మార్చమంటే ‘అడ్మిటెడ్’, ‘బాట్’, ‘ట్రీటెడ్’, ‘డిశ్చార్జ్‌డ్’ ఆమె నోటి నుంచే తడబాటు లేకుండా వచ్చాయి. అంటే ఆమెకు ఇంగ్లీషు మాటలు తెలియక కాదు. వార్డు తెలుగు ఆ క్రియలన్నిటినీ ఒక్క ‘తీసుకొను’లోకి అణిచేసింది, ఆమె ఆ అణిచిన తెలుగు నుంచి అనువదిస్తున్నారు.

ఆ రోజు నుంచి నియమం ఒకటే. మనసులో ‘తీసుకొను’ వచ్చినప్పుడు ఆగి, అమ్మతో అయితే ఏ క్రియ వాడతానని వెతకాలి. మందుల విషయంలో ఇది బాగా ఫలించింది, ఎందుకంటే ఇంటి తెలుగు ఇక్కడ ఇంగ్లీషు కంటే సూక్ష్మమైనది. మాత్ర వేసుకుంటాం, సిరప్ తాగుతాం, ఆయింట్‌మెంట్ రాసుకుంటాం, సూది వేయించుకుంటాం. వీటిలో నోటి గుండా లోపలికి పోయే మొదటి రెండింటికీ ఇంగ్లీషులో ‘టేక్’ సరిపోతుంది, ఆయింట్‌మెంట్‌కు ‘అప్లై’, ఇంజెక్షన్‌కు ‘హావ్’ వాడుతారు. ఇన్‌హేలర్‌ను ‘యూజ్’ చేస్తారు కానీ దాని నుంచి రెండు ‘పఫ్స్’ మాత్రం ‘టేక్’ చేస్తారు. ఈ ఒక్కటి చివరిదాకా ఆమెను విసిగించింది. వేసుకున్నారా అని అడగాలనుకున్నప్పుడు ‘టేక్’, కొన్నారా అని అడగాలనుకున్నప్పుడు ‘బై’ లేదా ‘గెట్’ అన్న విభజన నిలబడ్డాక, రెండు డోసుల ప్రమాదం అభ్యాసాల్లో మళ్లీ కనిపించలేదు.

‘టేక్ అండ్ కమ్’కు మందు కూడా ఇంటి తెలుగులోనే ఉంది. తీసుకుని రావడానికి మనకు ‘తెచ్చు’ అనే ఒంటి క్రియ ఉండనే ఉంది, దానికి సరిజోడు ‘బ్రింగ్’. రిపోర్టులు తెచ్చారా అని మనసులో అనుకున్నవారి నోట ‘టేక్’ రాదు.

మరో గమనిక ఆమెదే. ‘కొను’ తోక లేని ఒట్టి ‘తీయు’ను ‘టేక్’గా మారిస్తే తప్పు చాలా తక్కువ. రక్తం తీశారు, స్వాబ్ తీశారు, ఎక్స్‌రే తీశారు, అన్నిటా ‘టుక్’ సరైనదే. బుమ్రా వికెట్ తీసినా ‘టుక్’ అనే అంటారు. కుట్లు తీయడానికి ‘టేక్’ వెంట ‘అవుట్’ చేర్చాలి, తలుపు తీయడం దీని పరిధిలోకి రాదు. మొత్తంమీద ‘తీయు’ అంటే ధైర్యంగా ముందుకు, ‘పట్టు’ అంటే బహుశా, ‘తీసుకొను’ అంటే ఆగి చూడు అని తన నోట్‌బుక్ అట్టమీద రాసుకున్నారు. నా పట్టిక కంటే ఆ ఒక్క పంక్తి ఆమెకు ఎక్కువ పనిచేసింది, అది ఆమె తన తెలుగులోంచి తానే కట్టుకున్నది కాబట్టి అనుకుంటున్నాను.

ఫలితం, మిగిలిపోయినవి

తర్వాతి ప్రయత్నంలో ఆమెకు రైటింగ్‌లో అవసరమైన గ్రేడు వచ్చింది, స్పీకింగ్ అంచు నుంచి లోపలికి వచ్చింది. ఇదంతా ఒక్క క్రియ చలవేనని నేను అనను. లేఖలో అనవసరమైన పాత వివరాలు వదిలేయడం, మొదటి పేరాలోనే ఎందుకు రాస్తున్నామో చెప్పడం కూడా అదే కాలంలో నేర్చుకున్నారు, ఆ పరీక్ష మార్కుల్లో వాటికి విడిగా స్థానం ఉంది. వాక్యాలు చిన్నవి కావడం మాత్రం నేరుగా దీనివల్లే జరిగింది. సరైన క్రియ పడినచోట దాన్ని సవరించే రెండో వాక్యం అక్కరలేకపోయింది.

తొందరలో మాట్లాడేటప్పుడు పాత అలవాటు పూర్తిగా పోలేదు. రోగి బంధువు కోపంగా ఉన్న సన్నివేశాల్లో ‘టేక్ పర్మిషన్’ మళ్లీ తొంగిచూసేది. దాన్ని నేను ప్రతిసారీ సరిదిద్దలేదు. కోపంలో ఉన్న మనిషిని శాంతపరచడం ఆ నిమిషంలో ముఖ్యమైన పని, పైగా ఆ రూపం వినడానికి ఎబ్బెట్టుగా ఉన్నా అర్థాన్ని తలకిందులు చేయదు. ప్రమాదకరమైన తప్పుకూ వినసొంపు కాని తప్పుకూ ఒకే బరువు వేస్తే నేర్చుకునేవారు మళ్లీ ‘కన్స్యూమ్’ దగ్గరికే పారిపోతారు.

ఈ పద్ధతిని తర్వాత మరికొందరు నర్సులతో వాడాను. ఇంట్లో తెలుగు నిండుగా మాట్లాడుకునేవారి దగ్గర, ఏ జిల్లా యాస అయినా, ఇది త్వరగా పట్టుబడింది. తెలంగాణ నర్సు ఒకరు ‘గోలీలు ఏసుకున్నవా’ అన్న తన ఇంటి ప్రశ్నతోనే ‘టేక్’ను సరిచూసుకున్నారు. చిన్నప్పటి నుంచి ఇంగ్లీషు మాధ్యమంలో చదివి, ఇంట్లో కూడా ‘టాబ్లెట్ తీసుకున్నావా’ అనే అలవాటు పడినవారి దగ్గర ఇది సాగలేదు. వెనక్కి వెళ్లి అడగడానికి వారికి ‘వేసుకొను’ వాడుకలో మిగిలి లేదు. వారికి ప్రస్తుతం నేను ఇంగ్లీషులోనే మందు ఇచ్చే మార్గాల వారీగా, నోరు, చర్మం, సూది, ఊపిరి అని విడదీసి క్రియలు నేర్పుతున్నాను. ఆ దారిలో ఎక్కువ సమయం పడుతోంది.